వెనక రేకు

ఇటు రా ఏసుపాదం, ఆ పదమూడో నంబరు పానా అందుకో.
ముందువైపు నిలబడకు, అక్కడ లైట్లు తప్ప ఏం లేవు.
గోవాలో ఏదో పడవ విప్పేస్తే
పాత జనరేటర్లతో పాటు లారీ ఎక్కి
మన ఆటోనగర్ షెడ్డులో దిగిందిది.
కిలో ముప్పై నాలుగుకి కొన్నాడు సలార్ భాయ్.
రేపు పొద్దున్నే గ్యాసు కట్టరు పెడతాం.
ఈ మధ్యాహ్నం దీని కడుపు చూద్దాం.

నాలుగు బోల్టులు. అంతే.
మూడు చక్రాలు, ఒక్కోదాని మీద ఇరవై బొమ్మలు.
నిమ్మకాయ, గంట, ఏడంకె,
ఈ ఎర్రవేంటో నాకూ తెలీదు, రేక్కాయలనుకో.
పిడి కిందికి లాగితే స్ప్రింగు బిగుస్తుంది,
వదిలితే మూడూ తిరుగుతాయి,
ఈ కొక్కేలు ఒకదాని తర్వాత ఒకటి పట్టి ఆపుతాయి.
ఎడమది ముందు, తర్వాత మధ్యది,
కుడిది ఆఖర్న, కావాలనే, ఆలస్యంగా.

సుద్దముక్క తీసుకో. రేకు మీద రాయి.
ఇరవై ఇంటూ ఇరవై ఇంటూ ఇరవై.
ఎనిమిది వేలు. పది తప్పినా బాగానే వేశావు.
మొదటి చక్రం మీద ఏడంకెలు లెక్కపెట్టు. ఐదు.
రెండోదాని మీదా ఐదే.
మూడోదాని మీద?
మళ్ళీ తిప్పు. మళ్ళీ చూడు.
ఒక్కటే రా.
అంటే ఇంచుమించు పదిహేడు లాగుళ్ళకోసారి
ఏడూ ఏడూ వచ్చి పక్కపక్కన నిలబడతాయి,
మూడోది గడప దాకా వచ్చి వెనక్కి తిరిగినట్టుంటుంది.
మూడూ కలిసేది మూడొందల ఇరవైకి ఒకసారి.
"కొంచెంలో పోయింది" అంటాడు మనిషి.
ఆ కొంచెం ఈ పెట్టెలో ఎక్కడుందో
టార్చి వేసి చూపించు నాకు.
ఆ అంకెకి మన భాషలో పేరు పెట్టినవాడెవడో గానీ
పెట్టేటప్పుడే చెప్పాడు, ఏడు, అని.

దీనికి జ్ఞాపకం లేదురా.
వందసార్లు పోయింది కాబట్టి ఈసారి ఇస్తుందనేది
నీ లెక్క.
ఇందాక ఏం పడిందో ఆ కొక్కేనికి తెలీదు.

ఇస్తుంది కదా అంటావు. ఇస్తుంది.
వందేస్తే సగటున తొంభై తిరిగొచ్చేట్టు కట్టారనుకో,
దొంగ అని ఎలా అంటావు?
ఆ తొంభై మళ్ళీ వేస్తావు, ఎనభై ఒకటి.
అదీ వేస్తావు.
ఏడో విడతకి సగం కూడా మిగలదు.

ఈ పళ్ళెం చూడు, పల్చటి స్టీలు.
ఓ గోనెముక్క పరిస్తే వాళ్ళ సొమ్మేం పోయేది?
పది బిళ్ళలు పడ్డా వంద పడ్డట్టు మోగాలి,
పక్క మిషన్ దగ్గరోడి వీపుకి తగలాలి.
పోయినవాటికి మాత్రం ఏ చప్పుడూ పెట్టలేదు.

నాకెలా తెలుసా?
లారీ ఓనర్లతో వెళ్ళాను ఒకసారి, మెకానిక్కుగా.
రాత్రి ఎనిమిదికి కూర్చున్నా.
తెల్లారి చేతులు కడుగుతుంటే బిళ్ళల నలుపు వదల్లేదు,
గ్రీజు కంటే మొండిది.
నా బయానాతో రావలసిన బోరింగు మిషను
ఇప్పుడు పటమటలో వేరేవాడి షెడ్డులో తిరుగుతోంది.
రోడ్డు మీద పోతూ దాని గొంతు గుర్తుపడతాను.

నీ ఫోనులో దానికి చక్రాలే లేవు.
అన్నం తినేటప్పుడు నీ జేబులో గంటలు విన్నాలే.
నువ్వు వేలు ఆనించగానే లోపల అంకె పడిపోతుంది,
అప్పటికే అయిపోయింది.
ఆ తిరగడమంతా ముహూర్తం దాటాక వాయించే మేళం.
దానికి వెనక రేకు లేదు, బోల్టు లేదు,
ఏ పానాతో విప్పుతావు?

సరే, ఒక్కసారి లాగు. బిళ్ళ లేకపోయినా తిరుగుతుంది,
కొక్కెం నేను వదులు చేశా.
రేకు తీసే ఉంచు.

ఏడు.

ఏడు.

నవ్వకురా.
మూడోదాని మీద ఒక్కటేనని నేనే చెప్పాను,
నీ సుద్ద లెక్క నా కళ్ళెదురుగా ఉంది,
అయినా చూడు,
పానా ఎప్పుడు జారవిడిచానో
నాకే తెలీదు.