ఎడమ చెయ్యి

షట్టర్ ఇంకా సగమే ఎత్తాను.
సూరాడ పోలయ్య ప్లాటినా అప్పటికే గుమ్మంలో ఉంది,
వెనక థర్మాకోల్ పెట్టె కారుతూ,
ఎస్.కోట రోడ్డు మీద సన్నటి ఉప్పునీటి గీత.

"సేతులు నావి కాకుండా పోతన్నాయి బాబూ.
బొడ్డవర గేటు దాటినకాడి నుంచీ మంచే మంచు.
ఘాటీ మలుపుల్లో క్లచ్చు నొక్కినానో లేదో
బండి సెప్పాలి గానీ నాకు తెలీదు."

సంచిలోంచి చిన్న అట్టపెట్టె తీశాడు.
వైజాగులో బుల్లెట్ కుర్రాడెవడో
నచ్చలేదని పక్కన పడేసిన వేడి గ్రిప్పులు.
ఒక కోనాం చేప ఇచ్చి తెచ్చుకున్నాడట.

పాత రబ్బరు బ్లేడుతో చీరాను.
లోపల తొమ్మిదేళ్ల చెమట, తుప్పు.
పైన నాలుగు వేళ్ల గుంటలు,
బొటనవేలి దగ్గర ఎండి అతుక్కున్న పొలుసు.
సన్నాసిగాడు గోటితో గీకి వాసన చూసి
"కవళ్లు" అన్నాడు.
"పార్రా గుంటడా" అన్నాడు పోలయ్య, చూడకుండానే.

ఎర్ర తీగ తాళం వెనక్కి, మధ్యలో ఫ్యూజు.
తిన్నగా బ్యాటరీకి కలిపామో,
ఎవరి చేతులూ లేని హ్యాండిల్‌ని రాత్రంతా కాచి కాచి
తెల్లారేసరికి బండి చచ్చి కూర్చుంటుంది.
ఆ తప్పు ఒకసారి చేశాను. ఎవరి బండికో చెప్పను.
యాక్సిలరేటర్ వైపు తీగ కాస్త వదులుగా ఉండాలి,
మణికట్టు తిరిగినంత మేర.

స్విచ్ వేశాం.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత కుడివైపు
టీ పోసిన స్టీలు గ్లాసుని గుడ్డతో పట్టుకున్నట్టు.
ఎడమవైపు ఉత్త రబ్బరే.

కుడి గ్రిప్పు కింద ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, వేడిని దాస్తుంది.
ఎడమదాని కింద వట్టి ఇనుము,
ఎంత పోసినా తాగేస్తుంది.

"నాకు కావలసింది ఎడమదే కదా" అన్నాడు.
ఐసులోకి దూరేది ఆ చెయ్యే.
కుడిది కత్తి పట్టుకుంటుంది.
వేలు చాపి చూపించాడు, కొస తెల్లగా, మైనంలా.
నేను నొక్కితే
"నొక్కినావా?" అని అడిగాడు.

మళ్లీ ఊడదీశాను. గమ్ము ఆరలేదు, నయం.
సైకిల్ ట్యూబు చీలిక ఇనుము చుట్టూ చుట్టి,
సబ్బునీళ్లతో తోసి, మెలితిప్పి, తిట్టి,
ఎక్కించేసరికి ఎండ కొట్లోకొచ్చింది.
పెట్టెలో ఐసు సగమైంది.
ఆ రోజు అనంతగిరిలో బేరం ఎలా సాగిందో నాకు తెలీదు.

వారం తర్వాత వచ్చాడు, గాలి కోసం.
"ఎలాగుంది?"
"బాగానే ఉంది.
ఒకటే సిక్కు బాబూ, సెయ్యి ఎచ్చగుండి ఐసులో పెడితే
పేణం పోతంది. మునుపు అది సల్లనని కూడా తెలీదు."

"తీసెయ్యనా మరి?"

బదులు లేదు.
గేరు వేసి
క్లచ్చు వదిలాడు, మెల్లగా,
ఒక్కొక్క వేలూ.