అతుకు

ఆకివీడులో నా షెడ్డుకి
రొయ్యల చెరువుల ఏరేటర్లు తప్ప ఏవీ రావు.
ఉప్పు తిన్న గేరుబాక్సులు, నాచు పట్టిన రెక్కలు.
ఆ మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో వేసుకొచ్చింది రూతు
ఒక ఎజ్డీని.
"బాబాయ్, ఇది పరిగెత్తాలి."
నిలబెడదామంటే దానికి స్టాండే లేదు.

నలభై ఏళ్ళు ఐసు మోసిన బండి.
చేపల పెట్టెలు, జనప కట్టలు,
ఒకసారి నొప్పులు పడుతున్న మనిషిని కూడా
ఉండి ఆసుపత్రి దాకా.
వెనకంతా బరువే కాబట్టి
ముందు చక్రానికి గాల్లోకి చూడ్డం అలవాటైపోయింది.

వైరస్ తగిలి ఎండగట్టేసిన ఎనిమిదెకరాల చెరువులో పందెం.
గట్లే ఎగుడులు. తూము దగ్గర మలుపు.
అడుగంతా నెర్రెలిచ్చిన నల్లమన్ను.
పాత బళ్ళ వరసకి షరతు ఒకటే:
ఫ్రేమూ ఇంజను కేసూ పుట్టినప్పటివే ఉండాలి,
మిగతాది మీ ఇష్టం.

మా ఇష్టం తీసెయ్యడంతో మొదలైంది.
మడ్‌గార్డులు, దీపం, చైను కేసు, పక్క పెట్టె,
పెట్టెలో ఎండిన చేప పొలుసూ
ఎవరిదో ఐసు ఫ్యాక్టరీ చీటీ.
తీసిందల్లా కాటాలో వేసి గోడ మీద సుద్దతో రాసింది రూతు.
పందొమ్మిది కిలోలు.
"నేను నలభై ఆరే. నేనేం తగ్గను బాబాయ్, ఇదే తగ్గాలి."

సైలెన్సర్లు రెండూ పైకెత్తి కట్టాను
పంచె ఎగ్గట్టి కాలవ దాటే మనిషిలా.
ఫోర్కుల్లో స్ప్రింగులు చచ్చిపోతే
చెరువు పైపు కోసి రెండంగుళాల ముక్కలు పెట్టాను.
హ్యాండిలు ఏరేటర్ గొట్టం.
వెనక పళ్ళచక్రం పెద్దది తిప్పాను లేతు మీద,
వేగం తగ్గినా పట్టు పెరగాలని.
టైరు గుబ్బలు రూతే చెక్కింది
కాల్చిన కత్తితో, ఒక్కొక్కటీ, రెండు రాత్రులు.
షెడ్డంతా రబ్బరు కమురు.

సిలిండర్ దారులు ఆకురాయితో తెరిచాను.
ఎంత తెరవాలో పుస్తకం చెప్పదు, వేలు చెబుతుంది.
వెంట్రుక వాసి ఎక్కువైందా,
కింద బలం పోయి కేకలే మిగుల్తాయి,
మా వార్డు మెంబరు లాగ.
పెట్రోల్లోకి ఆముదం కావాలని
ఆరు సీసాలడిగితే మందుల కొట్టు సూరపరాజు
"ఇంట్లో అందరికీనా అండీ" అన్నాడు జాలిగా.

ఫ్రేము రంగు గీకుతుంటే
మెడ కింద, ట్యాంకు దాచిన చోట,
ఒక అతుకు.
లావుగా, వంకరగా, గొంగళిపురుగు పాకినట్టు.
ఎవడ్రా ఇది వేసిందని తిట్టబోయి ఆగాను.
చివర్లో ఎడమకి తిరిగిన తోక.
నా తోక.
పదిహేడో ఏట, సుభానీ మేస్త్రి షెడ్డులో,
అద్దం పెట్టుకోకుండా వేసిన మొదటి అతుకు.
ఆ రాత్రంతా కళ్ళలో ఇసుక పోసినట్టు మంట,
బంగాళాదుంప చెక్కలు పెట్టి గుడ్డ కట్టారు.
పొద్దున్నే మేస్త్రి చూసి, "నెల ఆగదిది" అన్నాడు.

ఎన్ని ఐసు దిమ్మలు.
ఆ నొప్పుల మనిషి.

కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్ద పూశాను.
పగులుంటే తడి గీత పైకొస్తుంది.
రాలేదు.
టీ తాగొచ్చి చూశాను. రాలేదు.
గ్రైండర్ అందుకున్నాను చదును చేద్దామని.
ఇప్పుడైతే నాణెం మీద నాణెం పేర్చినట్టు వేస్తాను,
చెయ్యి అంత బాగా ఆడుతుంది.
స్విచ్చి నొక్కాను. ఆపేశాను.
"అసయ్యంగా ఉంది, ఉంచేస్తావా?"
"ఉంచేస్తానమ్మా. బరువేం కాదు."

ఆదివారం చర్చి అయ్యాక చెరువులోకి దింపాం.
కిక్కు కొట్టి, అదే కడ్డీ కిందికి దించి గేరేసింది.
కొంగలన్నీ ఒక్కసారి లేచాయి.
మొదటి గట్టు మీద ముందు చక్రం
పాత అలవాటున గాల్లోకి చూసింది,
వెనకాల ఐసు లేదు.
మూడు చుట్లు.
తూము దగ్గర ఇంకా ఆరని బురద ఆమె మోకాళ్ళ దాకా.
హెల్మెట్ తియ్యకుండానే అరిచింది,
"కుడి మలుపులో లాగేస్తంది బాబాయ్!"

ఆయ్, లాగుతుంది మరి.
పదమూడో నంబరు స్పానరు ఎక్కడ పెట్టానో.
పందేనికింకా పదకొండు రోజులుంది.