గొళ్ళెం

గ్రిమ్స్‌బీలో ఫిబ్రవరి.
సముద్రం కనిపించదు, వాసనొస్తుంది.
చేపల శీతల గిడ్డంగి గుమ్మంలో
గ్లెనిస్ నా పేరు రెండుసార్లు పలికించుకుని
సందర్శకుల పుస్తకంలో తనకు తోచినట్టు రాసింది.
వకుళ కాస్తా వాకులా అయ్యాను.
వచ్చిన వేళ, తొమ్మిదీ పది.

మేడ మీద కోలిన్ తెర చూపించాడు.
గోరింటాకు రుబ్బి మెత్తినట్టు ఒకటే పచ్చ.
"నాలుగేళ్ళు. ఒక్క ఎర్ర చుక్క లేదు," అన్నాడు.
తన చంటిపిల్ల రాత్రిళ్ళు ఏడవదని
పక్కింటివాళ్ళకు చెప్పుకునే తండ్రి గొంతు.
తలూపాను.
ఏడవని పిల్లను చూస్తే నాకు ముందు భయం.

నా సంచిలో ఒక ఉత్తుత్తి దొంగ ఉంటాడు.
విషం తీసేసిన పాము,
పడగ మీద గుర్తులు మాత్రం అసలువి.
ఏ కాపలా అయినా చూసిన క్షణాన కేక వేయాలి.
కోలిన్ సంతకం తీసుకుని
తూకాల గదిలోని కంప్యూటర్లో వాణ్ణి వదిలి
ఇద్దరం మేడెక్కి కూర్చున్నాం.

టీ చల్లారింది. పైన మీగడ తొరక కట్టింది.
కిటికీ అంచున కొంగంత సముద్రపు కాకి
మమ్మల్ని ఒంటికన్నుతో చూసి ఎగిరిపోయింది.
అదైనా చూసింది.
తెర పచ్చగానే ఉంది.

లెక్క తీశాం.
ఆఫీసు, గిడ్డంగి, లారీల కొట్టు కలిపి
నాలుగొందల పన్నెండు యంత్రాలు.
తెరకు తెలిసినవి మూడొందల అరవై తొమ్మిది.
ముప్పై రోజులు పలకని యంత్రాన్ని
ఈ కాపలా తనే జాబితాలోంచి కొట్టేస్తుందట.
బడికి రాని పిల్లల పేర్లు చెరిపేసి
నూటికి నూరు హాజరని రాసుకునే పంతులులా.

దొంగలు పడ్డ ఆరు నెలలకు మొరిగిన కుక్కను
ఇన్నాళ్ళూ ఎగతాళి చేశాం.
పాపం, అది మొరిగింది.

కోలిన్ చాలాసేపు మాట్లాడలేదు.
ఈ పరికరం కోసమే ఆ రోజుల్లో
యజమానుల ముందు గొంతు పోయేలా వాదించాడట.
ఆ ఏడు కొత్త లారీ ఆగిపోయింది దీని మూలంగా.
అతను మూర్ఖుడు కాడు.
అప్పటి దొంగలు కిటికీలు పగలగొట్టేవారు,
కిటికీకి ఊచలు కొన్నాడు.
ఇప్పటివాళ్ళు జీతాల గుమాస్తా పేరు తొడుక్కుని
ఆమె పాస్‌వర్డుతో, ఆమె పనివేళల్లోనే
మర్యాదగా కాళ్ళు తుడుచుకుని లోపలికొస్తారు.
వల కన్నులు అవే. చేపలు సన్నబడ్డాయి.

మధ్యాహ్నం కింద శీతల గదిలో
వాల్దెక్ పెట్టె మూత తీసి
చేప కడుపులో థర్మామీటరు గుచ్చుతున్నాడు.
గోడ మీద మైనస్ ఇరవై రెండని వెలుగుతోంది కదా, అన్నాను.
"గోడ మీది అంకె గోడ సంగతి చెబుతుంది,"
అన్నాడు, పొగమంచులా ఊపిరి వదులుతూ.
"రెండు గంటలకోసారి నేను చేపనడుగుతాను."
ఆ మాటను యథాతథంగా నివేదికలో పెట్టాలనుకున్నాను.
అందులో చేపకు గడి లేదు.

కిందటి గురువారం నిచ్చెన భుజాన వేసుకుని
నిప్పు గంటలు బాగుచేస్తానని ఒకడొచ్చాడట.
అతని కార్డు మీది నంబరు వదిలేసి
గ్లెనిస్ తన పాత డైరీలోని నంబరుకు ఫోన్ చేసింది.
వాడు నిచ్చెన కూడా వదిలేసి వెళ్ళిపోయాడు.
ఆ నిచ్చెన ఇప్పటికీ మెట్ల కింద ఉంది.
దాని గురించి ఏ తెరా ఏమీ అనలేదు.

గోరింటాకు ఎంతసేపైనా పచ్చగానే ఉంటుంది,
పండిందో లేదో కడిగితే తెలుస్తుంది.
రెండో రోజు సాయంత్రానికి కడగడం పూర్తయ్యింది.
నలభై మూడు పేర్లు, మూడు పేజీలు,
మార్చిలో లైసెన్సు పొడిగించే ముందు అడగాల్సిన
పదకొండు ప్రశ్నలు.
కోలిన్ చేయి కలిపి, వదలడం మరిచిపోయాడు.

గుమ్మంలో గ్లెనిస్ పుస్తకం నా వైపు తిప్పింది.
కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి
ఒక వరుస కింద గోటితో గీత గీసింది.
"నిన్న నువ్వు బయటికెళ్ళినట్టు సంతకం లేదు, వాకులా.
దీని లెక్కన
రాత్రంతా లోపలే ఉన్నావు."