మేడ మీద పదిమందే

జనవరిలో ఇల్లు మాదే.
యార్క్‌షైర్ కొండవాలున, థార్న్‌షాలో,
తాళం వేసిన తలుపు వెనక
ఆస్విన్ గ్లెడ్‌హిల్ నిచ్చెనెక్కి
పైకప్పు రాతిపలకలు లెక్కపెడతాడు.
ఏటా లెక్క తప్పుతుంది,
ఏటా గాలినే తిడతాడు.
నేను చిమ్మెటల బోను తెరిచి చూస్తాను: పదకొండు.
పుస్తకంలో రాస్తాను. నిరుడు తొమ్మిది.

ఫిబ్రవరిలో మెత్తని కుంచెతో మగ్గం దులుపుతాం,
పసిదానికి తల దువ్వినట్టు, పోగు పోగునా.
పడుగు బిగిసే ఉంది. జానెడు బట్ట నేసి ఉంది.
చివరి నేతగాడు నాడె దించి
ఎటో లేచి వెళ్ళాడంటాను.
"భోజనానికి" అని పిల్లలకు చెబుతాను,
"మిల్లు పనికి" అని పెద్దలకు.

ఈస్టర్‌కి తెరుస్తాం. తడికి ఉబ్బిన తలుపు
భుజం పెడితే గాని కదలదు.
మొదటగా వచ్చినాయన మరుగుదొడ్డి ఎక్కడని అడిగాడు.
లేదన్నాను. ఆయన ఇంటి వయసు చూసి
మమ్మల్ని క్షమించాడు.

మే అంతా బడిపిల్లలు.
ఉన్ని ఏకుతారు, అదే ఉన్నితో ముక్కు తుడుచుకుంటారు.
"మేడ మీద పదిమందే," అంటాను, "నేల మోయదు."
పదకొండోవాడు మెట్టు మీదే ఆగి
తన బరువు గురించి
బతుకులో మొదటిసారి ఆలోచిస్తాడు.

జూలైలో కేకుల అమ్మకం, పైకప్పు కోసం.
నూట ముప్పై పౌండ్లు.
చాలా మటుకు మా కేకులు మేమే కొన్నాం.

ఆగస్టులో, వాన తెరిపివ్వని ఒక గురువారం
ఒక ముసలావిడ గొడుగు మడిచి, టికెట్టు కొని,
వంటింట్లో ఒట్టి గోడ ముందు నిలబడింది.
"గ్యాసు పొయ్యి ఇక్కడుండాలి," అంది.

ఐలీన్ బారక్లఫ్. ఈ ఇంట్లోనే పుట్టిందట.
పై గదిలో అన్నలు ముగ్గురు,
పొగగొట్టం వెచ్చదనానికి ఆనుకుని తను.
మగ్గం చూసి నవ్వింది.
"ఇదెక్కడిది? ఇక్కడ సైకిళ్ళుండేవి."

ఎక్కడిదో నాకు తెలుసు.
పక్క లోయలో, ఒక గొర్రెల పాకలోంచి
మా సంఘం బేరమాడి కొన్నది.
రసీదు నా సొరుగులోనే ఉంది.
ఆ జానెడూ నేసింది ఒక డ్రాయింగు మాస్టారు,
వేసవి సెలవుల్లో.

ఈ ఇంటికి మేమొక సంవత్సరం ఎంచాం.
మిగతా ఏళ్ళన్నీ గోడల మీంచి గీకి
సున్నం కొట్టాం.

అటక మీంచి అట్టపెట్టె దించాను.
"తరవాతి కాలానిది, ముఖ్యం కాదు" అని
నా చేతిరాతే.
లోపల అరచేతంత గోడకాగితం, నీలం పూలు,
ఒక మూల నూనె మరక.
ఆవిడ మరకనే ముట్టుకుంది.
"అమ్మ అతికించింది. వంకరగా."
అంతే అంది. వానలోనే వెళ్ళిపోయింది,
గొడుగు మరిచి.

సెప్టెంబరులో ఉచిత ప్రవేశం: నాలుగొందల మంది,
పది పదిగా. నాకు గొంతు పోయింది.
అక్టోబరులో దయ్యాల రాత్రి. మా ఇంట్లో దయ్యం లేదు,
ఆస్విన్‌నే దుప్పటి కప్పి అటకెక్కించాం.
దుమ్ముకు దగ్గాడు. పిల్లలు జడిసింది ఆ దగ్గుకే.

నవంబరులో సంఘం కూర్చుంది.
"ఇక్కడ గ్యాసు పొయ్యి ఉండేది" —
చిన్న చీటీ అతికిద్దామన్నాను.
రెండు గంటలు వాదించారు.
అక్షరాలు ఇంకా చిన్నవి చేస్తే సరేనన్నారు.

డిసెంబరు. చివరి కొవ్వొత్తి ఆర్పి
మగ్గానికి దుప్పటి కప్పడానికి
ఒక్కదాన్నే మేడెక్కాను.
గొడుగు ఇంకా మూలనే ఉంది.
ముట్టుకోరాదన్న పలక
ఇరవై రెండేళ్ళుగా నేను తుడిచిందే.
తాడు దాటి, బల్ల మీద కూర్చుని
నాడె ఒకసారి ఇటు నుంచి అటు విసిరాను.
అచ్చు లాగి కొట్టాను.
ఇల్లంతా వినిపించేంత చప్పుడు.

ఒక్క పోగు. కాస్త వంకర.
పుస్తకంలో రాయలేదు.