నలభై రెండోది

సాండోయ్ దీవిలో గాలికి సెలవుల్లేవు.
రాన్వా డ్రోన్ కంటికి నల్లద్దం తొడిగింది,
ఎండకని కాదు, ఇక్కడ ఎండ చుట్టపుచూపుకే వస్తుంది,
షట్టర్ కాస్త బద్ధకంగా మూసుకోవాలని.

సెకనుకు ఇరవై ఐదు ఫ్రేములు,
ఒక్కోదానికి సెకనులో యాభయ్యో వంతు వెలుగు.
మరీ చురుగ్గా కోస్తే
పఫిన్ రెక్క ఆడదు, తడబడుతుంది.
ప్రతి బొమ్మా అంచుల్లో రవ్వంత చెరిగితేనే
పక్కదానితో అతుకుతుంది.

కొండచరియ వెంట నూనెధారలా దింపింది.
అరుగరుగునా గొర్రెలు,
కింద సముద్రం నోరు తెరుచుకుని.

తోర్స్‌హవ్న్ ఆసుపత్రిలో, తుంటి విరిగిన కాపరి
హానుస్‌కి పంపాలి. పాత ఫోను, నత్త నెట్.
ఎక్స్‌పోర్ట్‌లో నాలుగు మెగాబిట్లకి కుదించింది.
వీడియో పట్టులా జారింది.

"నలభై ఒకటి," అన్నాడాయన.
"చెవి తెగిన బూడిదది లేదు."
తాడు భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి, ఆగి,
అసలు ఫైలు తెరిచింది.
మూడో అరుగు మీద, రాతిని ఆనుకుని, ఉంది.
నెమరేస్తోంది.
బూడిదరంగు మీద బూడిదరంగు,
రెండూ ఎందుకు దండగ అనుకుంది కాబోలు
కుదింపు.

ముప్పైకి పెంచి మళ్లీ పంపింది.
రాత్రంతా ఎక్కుతూనే ఉంది.
తెల్లారి ఫోను:
"ఉంది. తెగిన చెవి కూడా కనిపిస్తోంది.
అవునుగానీ, గాలి ఏదీ? తీసేశావా?"

కుదుపులన్నీ గింబల్ మింగేస్తుందని
ఆయనకెలా చెప్పాలో తెలీక
కిటికీ తెరిచి
ఫోను బయటికి పట్టుకుంది.