తిత్తి

తిరుపతి పెద్దాసుపత్రి, ఏడో బెడ్డు.
పాకాల దొరసానమ్మ. నెమ్ము పట్టి తొమ్మిదో రోజు.
కిటికీలో దూరంగా అలిపిరి మెట్ల దీపాలు,
ఈ వేళప్పుడు ఆడ ఎవరికో ఆయాసం వస్తా ఉంటుంది,
కూచుంటారు, నీళ్ళు తాగుతారు, లేస్తారు.

తలుపు బయట చెప్పులు విడిచి
ఆమె మొగుడు ఏకాంబరాచారి అడిగినాడు:
"తిత్తి ఎవురు లాగతా ఉండారు సిస్టరమ్మా?
మా ఆడమనిషా, మిషనా?"

నలభై ఏండ్లు కొలిమి కాడ తిత్తి లాగిన చెయ్యి ఆమెది.
కుడి భుజం ఇప్పటికీ ఎడమదానికన్నా లావు.
"ఆమె లాగితే నిప్పు మాట వింటాది.
అబ్బోడు లాగితే పొగొస్తాది."

జవాబు చెప్పకుండా లోపలికొచ్చి తెర చూస్తా నిలబడినా.
గీత లేస్తుంది, వాలుతుంది.
నడుమ నడుమ చిన్న సొట్ట,
గురి తప్పిన సుత్తి దెబ్బంత.
రెండు రాత్రులు దాన్ని గొట్టంలో చేరిన నీళ్ళనుకున్నా.
డొక్క మీద చెయ్యి పెట్టి చూస్తే తెలిసింది:
ఆమె లాగతా ఉంది.
మిషనుకు వినపళ్ళేదు.
నిమిషానికి ఆరుసార్లు, ఏడుసార్లు
గడియేసిన తలుపు తట్టి
వెనక్కి పోతా ఉంది.

డాక్టరును లేపినా.
సన్న పిలుపుకు కూడా పలికేట్టు మీట తిప్పినాము.
మిషను మోసే బరువు కొంచెం దించినాము.
జాస్తి మోసిపెడితే డొక్క కింది కండ
వారం తిరక్కుండానే పల్చబడుతుంది,
మూల పడేసిన తోలు మాదిరి.
తక్కువ మోస్తే మెడనరాలు తాళ్ళవుతాయి,
ముక్కుపుటాలు ఎగురుతాయి,
ఆ పెనుగులాటకు ఊపిరితిత్తే దెబ్బ తింటుంది.
నడుమ ఎక్కడో ఒక అంకె ఉంది.
రాత్రికి పన్నెండు. పొద్దునకు ఏమో.

పొద్దున, గొట్టం ఉండంగానే, సాయం తీసి చూసినాము.
కండ్లు తెరిచింది. నన్ను చూళ్ళేదు.
ఎక్కడో పని మీద ఉన్న మనిషి చూపు.
నుదుట చెమట. పరుపు మీద కుడి పిడికిలి
బిగిసి, వదిలి, బిగిసి,
లేని తాడును లాగతా ఉంది.
ఇరవై రెండు నిమిషాలు.
అంకెలు పడిపోతుంటే మళ్ళీ తగిలించినాము.

బయటికొచ్చి ఏమని చెప్పేది?
నిన్న పదకొండు నిమిషాలు, ఈరోజు ఇరవై రెండు,
అంతే చెప్పినా.
ఏకాంబరాచారి వేళ్ళ మీద ఏందో లెక్కేసినాడు.
"రెండు కొడవండ్లు ఎర్రగా కాలుంటాయి," అన్నాడు,
చెప్పులేసుకొని టీకి పోయినాడు.