నీటి పరుపు

మా సంఘం ఆస్తి అంటే
ఒక స్కూటీ, ఒక బీపీ మిషను,
మూడు చక్రాలు మాత్రం సరిగ్గా తిరిగే వీల్‌చైరు,
రెండు నీటి పరుపులు.

ఒక పరుపుకి యాదమరిలో ఎలుక కొరికిన చిల్లు.
సైకిల్ షాపు ఖాదర్ బాషా పంచరేసి
డబ్బులొద్దన్నాడు.
"మా నాయన పండుకున్న పరుపే గదా మేడమ్."

ఖాదర్ నాయన తర్వాత
ఐరాలలో వజ్రమ్మ, నలభై రోజులు.
ఆ తర్వాత పెనుమూరు దారిలో,
మామిడిగుజ్జు ఫ్యాక్టరీ రేకుల మీంచి పడి
నడుము విరిగిన పందొమ్మిదేళ్ళ పిల్లోడు.
వాడొక్కడే దాన్ని తన చేత్తో మడిచి వెనక్కిచ్చాడు.
మిగతా ఇళ్ళల్లో మేమే నీళ్ళు వంచుకున్నాం
బకెట్లకి పట్టి, కరివేపాకు పాదులోకి.
నిన్నటిదాకా ఒక వీపు కింద కదిలిన నీళ్ళు.

మొన్న చిత్తూరు కలెక్టరాఫీసులో మీటింగు.
కొత్త విధానం వస్తోందట,
ఇకమీద వైద్యం ఇంటి గడపకే వస్తుందట.
తెర మీద పడింది: స్వచ్ఛంద సంస్థల పాత్ర.
పాత్ర అంటే నాకు గిన్నె గుర్తొచ్చింది,
ఖాళీగా ఉన్నప్పుడే బాగా మోగేది.
మాకు మూడు నిమిషాలిచ్చారు, భోజనాల ముందు.

ఆఫీసరు మంచివాడే, విసుక్కోలేదు.
"లబ్ధిదారులు ఎంతమందమ్మా?"
రెండు వందల పద్నాలుగు, అన్నాను.
చెప్పలేనిది నోటుబుక్కు చివరి గడిలో ఉంది.
వజ్రమ్మను వాకిలి వైపు తిప్పి పడుకోబెట్టాలి,
ఆవు కనపడకపోతే ముద్ద మింగదు.
చెంగల్రాయులుకి గడ్డం గీసేటప్పుడు
కోడలి పేరు ఎత్తకూడదు.
ఇవి యాప్‌లో ఎక్కడ ఎక్కించాలి?
"రిమార్క్స్‌లో వేసేయండి" అన్నాడు డేటా కుర్రాడు.
ఆ గడిలో నలభై అక్షరాలే పడతాయి.

నేనడిగాను.
మమ్మల్ని పొగడొద్దు సార్, శాలువాలు చాలా ఉన్నాయి,
కత్తిరించి మోచేతుల కింద మెత్తలు కుట్టుకున్నాం.
మేం ఆస్పత్రి కాదు.
నొప్పి మాత్ర మా చేతుల్లో లేదు.
దానికోసం వేలూరు బస్సెక్కుతున్నారు మనవాళ్ళు,
జిల్లా దాటి, రాష్ట్రం దాటి,
నొప్పిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని.
అది మీరివ్వాలి. మా మంచితనంతో అది తగ్గదు.
ఇంకొకటి: రూలు రాసేటప్పుడు పిలవండి,
రాసినాక కాదు.

గంట కొట్టారు.
సాంబారన్నం బాగానే ఉంది.

అన్నమాట ప్రకారం సర్కారు పరుపొచ్చింది,
నీలం రంగు, కొత్త ప్లాస్టిక్ వాసన, మూల మీద నంబరు,
చెంగల్రాయులు పేరిట.
ఆయన పోయి పదహారు రోజులు,
కర్మాంతరాలు కూడా అయిపోయాయి.
కన్నెమ్మ వేలిముద్ర వేసి తీసుకుంది.
సాయంత్రం నాకు ఫోన్ చేసింది.
ఏడుస్తుందనుకుని
వినడానికి సిద్ధంగా కూర్చున్నాను.

"నీ బుక్కులో తరవాత ఎవురుండారు పాపా?
నీళ్ళు ఎంత పొయ్యాల్నో నాకు తెలుసు.
జాస్తి అయితే రాయి మాదిరి అవుతాది,
తక్కవయితే నడుము నేలకి తగల్తాది.
తెల్లారి రా. ఎనక కూసోని నేనే పట్టుకుంటా."

యాప్‌లో చెంగల్రాయులు ఇంకా మంచం మీదే ఉన్నాడు.
ఆయన పరుపు మాత్రం
తోతాపురి లారీల వెనక, గుడిపాల దారిలో,
కన్నెమ్మ ఒళ్ళో మడతలుగా.
నేను రూలు గురించి ఆలోచిస్తున్నాను,
ఈ నంబరుకి రేపు ఎవరు జవాబు చెప్పాలా అని.
గాలికి సగం మాటలు ఎగిరిపోతుంటే
ఆమె నా భుజం తట్టి
గట్టిగా అడుగుతోంది:

"ఆ యమ్మ ఏ పక్కకి తిరిగి పండుకుంటాది?"